పొగతాగే తల్లులు, చనుపాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ విషయంలో రెండు ప్రశ్నలు ఎప్పుడూ ముడిపడిపోతుంటాయి. సిగరెట్ మానాలా? పాలు మాన్పించాలా? మొదటిదానికి జవాబు మానాలి. రెండోదానికి జవాబు మాన్పించొద్దు. మొదటిది ఇవాళ మీ చేత కాకపోయినా రెండోదాని జవాబు మారదు. కింద ఉన్నదంతా ఈ రెండు మాటలకు వివరణే. బిడ్డ నెలలు నిండకుండా పుట్టినా, బరువు సరిగా పెరగకపోయినా, మీరు వేరే మందులేమైనా వాడుతున్నా ఇది చదివి ఊరుకోకుండా పిల్లల డాక్టరుతో మాట్లాడండి.

నేను సిగరెట్ తాగుతాను. బిడ్డకు నా పాలు పట్టొచ్చా?

పట్టొచ్చు. పట్టడమే మంచిది. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే, ఆ తర్వాత పైతిండితో పాటు రెండేళ్లు, ఇంకా ఆపైన కూడా పాలివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. పొగతాగే తల్లులు పాలివ్వకూడదని ఎక్కడా లేదు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం ఒకప్పుడు, పాలిచ్చే తల్లులు వాడకూడని వాటి జాబితాలో, పొగాకులో ఉండి అలవాటు పట్టించే నికోటిన్‌ను కూడా పెట్టింది. 2001లో దాన్ని అందులోంచి తీసేసింది. నికోటిన్ మంచిదని తేలి కాదు. తల్లి ఎలాగూ పొగతాగుతున్నప్పుడు ఆ బిడ్డకు పాలు కూడా లేకుండా చేస్తే నష్టం రెట్టింపవుతుందని గ్రహించి.

పొగ ఉన్న ఇంట్లో పెరిగే పిల్లలకు జలుబు, దగ్గు, పిల్లికూతలు, న్యుమోనియా, చెవి ఇన్ఫెక్షన్లు ఎక్కువ. తల్లిపాలు కాపాడేది సరిగ్గా ఈ జబ్బుల నుంచే. అలాంటి ఇళ్లలో పాలు తాగే పిల్లలకు ఊపిరితిత్తుల జబ్బులు తక్కువగా వస్తున్నాయని, పొగలేని ఇళ్లకంటే ఇక్కడే పాల మేలు కొట్టొచ్చినట్టు కనిపిస్తోందని చెప్పిన అధ్యయనాలున్నాయి. అంటే పాల అవసరం మీ బిడ్డకు పక్కింటి బిడ్డకంటే ఎక్కువే.

నికోటిన్ నిజంగా పాలలోకి వస్తుందా? ఎంత?

వస్తుంది. దీన్ని తక్కువ చేసి చెప్పడం సరికాదు. రక్తంలో ఎంత గాఢతలో ఉంటుందో పాలలో దానికి ఒకటిన్నర నుంచి మూడు రెట్లు ఉంటుంది. కారణం ఇదీ: నికోటిన్‌ది క్షార గుణం, పాలు రక్తంకంటే కాస్త ఆమ్లం వైపు ఉంటాయి. రక్తంలోంచి పాలలోకి సులువుగా దాటిన నికోటిన్ అక్కడ రూపం మార్చుకుని, తిరిగి అంత సులువుగా వెనక్కి రాలేదు. రక్తంలో తగ్గేకొద్దీ పాలలోనూ తగ్గుతుంది కానీ, ఎప్పుడు కొలిచినా పాలవైపే మొగ్గు.

నికోటిన్ కాలేయంలో విరిగితే కొటినిన్ అనే పదార్థం వస్తుంది. పొగతాగే తల్లి పాలు తాగే బిడ్డ మూత్రంలో ఇది, అదే ఇంట్లో డబ్బా పాలు తాగే బిడ్డకంటే కొన్ని రెట్లు ఎక్కువగా కనిపిస్తుంది. ఈ సంగతి ఎక్కడో చదివి బెదిరిపోయి పాలు మాన్పించే తల్లులున్నారు. కొటినిన్ కొలత చెప్పేది నికోటిన్ ఎంత చేరిందన్నదే, బిడ్డ ఎంత జబ్బుపడుతుందన్నది కాదు. పొగలో నికోటిన్‌తో పాటు 7000కు పైగా రసాయనాలుంటాయి. వాటిలో 70 దాకా క్యాన్సర్ తెచ్చేవి. ఊపిరితిత్తులను పాడుచేసేది ఎక్కువగా ఆ మిగతా సరుకే, అది బిడ్డకు చేరేది ప్రధానంగా గాలి ద్వారా.

అలాగని పాలలోని నికోటిన్ ఊరికే పోదు. పెద్దవాళ్ల ఒంట్లో నికోటిన్ దాదాపు రెండు గంటల్లో సగానికి పడిపోతే, అప్పుడే పుట్టిన పసిగుడ్డు ఒంట్లో అందుకు 11 గంటలు పడుతుంది. అందుకే మొదటి వారాల్లో ఎంత తగ్గించగలిగితే అంత మేలు.

ఎప్పుడు తాగితే బిడ్డకు తక్కువ చేరుతుంది?

పాలిచ్చిన వెంటనే. ముందు ఎప్పుడూ వద్దు. పాలిస్తూ అసలే వద్దు.

పాలలో నికోటిన్ సగానికి తగ్గడానికి సుమారు 95 నిమిషాలు పడుతుంది. రాత్రి పది గంటలకు బిడ్డకు కడుపునిండా పాలిచ్చి, పడుకోబెట్టి, బయటికెళ్లి ఒక సిగరెట్ తాగారనుకోండి. కాసేపటికి పాలలో నికోటిన్ గరిష్ఠానికి చేరి, పదకొండున్నర దాటాక సగానికి వస్తుంది. ఒంటిగంట దాటాక పావు వంతు. అప్పటికి బిడ్డ లేచి ఏడ్చినా చేరేది ఆ కాస్తే. అదే సిగరెట్ ఒంటిగంటకు తాగి, ఒంటిగంటన్నరకు రొమ్ము అందిస్తే, బిడ్డ తాగేది మంచి చిక్కగా ఉన్న నికోటినే.

ఈ లెక్క రోజుకు నాలుగైదు తాగేవాళ్లకు బాగా పనికొస్తుంది. గంటకొకటి తాగేవాళ్లకు ముందుది దిగకముందే తర్వాతది వచ్చి చేరుతుంది కాబట్టి, వాళ్లు వేళలు చూసుకునేకంటే సంఖ్య తగ్గించుకోవడం మేలు. ఇంకో మాట, మూడు గంటలు కాలేదని ఆకలితో ఏడుస్తున్న బిడ్డను ఆపకండి. వేళ కలవకపోతే కలవకపోయింది, పాలివ్వండి.

తాగాక వచ్చిన పాలు పిండి పారబోయాలా?

అక్కర్లేదు. రక్తంలో నికోటిన్ తగ్గితే రొమ్ములో ఉన్న పాలలోనూ దానంతటదే తగ్గుతుంది, పిండి పారబోసినందువల్ల త్వరగా పోయేదేమీ ఉండదు. పాలు పిండి దాచుకునే అలవాటుంటే మాత్రం, రాత్రంతా సిగరెట్ లేకుండా గడిచాక పొద్దున్నే పిండుకుంటే వాటిలో నికోటిన్ అతి తక్కువగా ఉంటుంది.

సిగరెట్ వల్ల పాలు తగ్గుతాయా?

తగ్గొచ్చు. పాలు ఊరడానికి కారణమైన ప్రొలాక్టిన్ హార్మోన్ సాధారణ స్థాయి పొగతాగేవాళ్లలో తక్కువగా ఉంటుంది. బిడ్డ చప్పరించినప్పుడు ఎగసే ప్రొలాక్టిన్, పాలు చేపుకొచ్చేలా చేసే ఆక్సిటోసిన్ మాత్రం పెద్దగా దెబ్బతిన్నట్టు కనిపించలేదు. పాల పరిమాణం, వాటిలో కొవ్వు తక్కువగా ఉన్నాయని కొన్ని అధ్యయనాల్లో తేలింది. ముఖ్యంగా నెలలు నిండకుండా ప్రసవించి, పాలు పిండి పట్టే తల్లుల్లో.

పొగతాగే తల్లులు సగటున త్వరగా పాలు మాన్పిస్తారన్నది చాలా దేశాల్లో కనబడిందే. ఎందుకు అన్నదగ్గరే వాదన. ఆస్ట్రేలియా పరిశోధకురాలు లీసా అమీర్ 2001లో అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, తప్పంతా హార్మోన్ల మీద నెట్టేయడం కుదరదని రాశారు. పొగతాగే తల్లుల్లో పాలివ్వాలన్న ఉద్దేశం మొదటి నుంచీ తక్కువగా ఉండటం, పాలు చాలడం లేదనిపించగానే సాయం అడగకుండా డబ్బాకు మారిపోవడం కూడా కారణాలేనని ఆమె వాదన. నాకూ ఇదే నిజమనిపిస్తుంది. "నీ పాలు విషం" అని నలుగురూ అంటుంటే ఏ బాలింతకైనా ఎన్నాళ్లు ఓపిక ఉంటుంది?

కాబట్టి పాలు చాలడం లేదన్న అనుమానం వస్తే ముందు బిడ్డను చూడండి. ఐదో రోజు తర్వాత రోజుకు కనీసం ఆరుసార్లు మూత్రం పోస్తుందా? పుట్టినప్పటి బరువుకు రెండు వారాల్లోపు తిరిగి వచ్చిందా? వస్తే పాలు చాలుతున్నట్టే. రాకపోతే మరిన్నిసార్లు పట్టండి, చనుమొన సరిగా నోట పట్టిందో లేదో తెలిసినవాళ్లకు చూపించండి. సిగరెట్ తగ్గించడం ఆ తర్వాతి పని కాదు, వీటితోపాటే జరగాలి.

పాల రుచి మారుతుందా? బిడ్డకు తెలుస్తుందా?

తెలుస్తుంది. సిగరెట్ తాగిన అరగంట నుంచి గంటలోపు తీసిన పాలకు పొగ వాసన ఉందని, వాసన చూసినవాళ్లు పోల్చుకోగలిగారని 1998లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది. దానికంటే ఆలోచింపజేసేది 2007 నాటి మరో పరిశోధన. అవే తల్లులు, అదే పిల్లలు. ఒకరోజు తల్లి సిగరెట్ తాగి పాలిచ్చింది, ఇంకోరోజు తాగకుండా ఇచ్చింది. తర్వాతి మూడున్నర గంటల్లో తాగని రోజు పిల్లలు సగటున 84 నిమిషాలు నిద్రపోతే, తాగిన రోజు 53 నిమిషాలే. పాలు మాత్రం రెండు రోజులూ ఇంచుమించు ఒకేలా తాగారు. పడుకోబెట్టిన పది నిమిషాలకే బిడ్డ లేచి కూర్చోబెడుతోందని విసుగొస్తే ఆ సిగరెట్ ఎప్పుడు తాగారో గుర్తు చేసుకోండి.

పాలలో పోషకాలు తగ్గుతాయా?

కొన్ని తగ్గుతాయి. విటమిన్ సి తక్కువగా ఉంటుంది, కాడ్మియం లాంటి లోహాలు ఎక్కువగా ఉంటాయి. పట్టించుకోవాల్సింది అయొడిన్ సంగతి. పొగలోంచి ఒంట్లో తయారయ్యే థయోసయనేట్, రొమ్ములోకి అయొడిన్‌ను చేరవేసే ద్వారాన్ని అడ్డుకుంటుంది. డెన్మార్క్‌లో 2004లో కొలిచి చూస్తే పొగతాగే తల్లుల పాలలో అయొడిన్ మిగతావాళ్లతో పోలిస్తే సుమారు సగమే ఉంది. బిడ్డ మెదడు ఎదుగుదలకు అయొడిన్ కావాలి. వంటకు అయొడిన్ ఉప్పే వాడండి. మాత్రలు అవసరమా అన్నది డాక్టరును అడగండి, సొంతంగా మొదలుపెట్టకండి.

బిడ్డ సాయంత్రమైతే చాలు గుక్కపట్టి ఏడుస్తోంది. సిగరెట్ వల్లేనా?

కావచ్చు, కాకపోవచ్చు. అసలు సిగరెట్ ముట్టని తల్లుల పిల్లలూ మొదటి మూడు నెలలు అలా ఏడుస్తారు. కాకపోతే తల్లి పొగతాగే ఇళ్లలో ఇది ఎక్కువ. డబ్బాకు మార్చినంత మాత్రాన ఏడుపు ఆగుతుందన్న హామీ లేదు, ఎందుకంటే ఇంట్లో పొగ అలాగే ఉంటుంది.

బిడ్డను నా పక్కలో పడుకోబెట్టుకోవచ్చా?

వద్దు. మిగతా చోట్ల సర్దుబాట్లు చెప్పాం, ఇక్కడ లేదు. తల్లిగానీ తండ్రిగానీ పొగతాగే ఇంట్లో బిడ్డ వాళ్ల పక్కమీదే పడుకుంటే, నిద్రలోనే హఠాత్తుగా ప్రాణం పోయే ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. సిగరెట్ తాగేది బయటే అయినా ఈ జాగ్రత్త తప్పదు. గర్భంతో ఉన్నప్పుడు పొగతాగి ప్రసవానికి ముందే మానేసినా సరే. కడుపులో ఉండగా నికోటిన్ చేరిన పిల్లల్లో, ఊపిరి అందనప్పుడు ఉలిక్కిపడి లేచే శక్తి తగ్గుతుంది.

బిడ్డను మీ గదిలోనే, చేతికందే దూరంలో, వేరే పక్కమీద, వెల్లకిలా పడుకోబెట్టండి. మెత్తటి దిండ్లు, వదులు దుప్పట్లు దగ్గర పెట్టకండి. రాత్రిపూట కూర్చుని పాలిచ్చి తిరిగి తన పక్కలో వేయండి. సోఫాలో ఒరిగి పాలిస్తూ నిద్రపోవడం మరీ ప్రమాదం.

తల్లిపాలు ఈ మరణాలను కూడా తగ్గిస్తాయి. కనీసం రెండు నెలలు తల్లిపాలు తాగిన పిల్లల్లో ఈ ప్రమాదం దాదాపు సగానికి తగ్గిందని 2017లో వచ్చిన విశ్లేషణ చెప్పింది. ఏ జబ్బుకు భయపడి పాలు మాన్పిస్తున్నారో, దానికి అడ్డుగా ఉన్నది ఆ పాలే.

బాల్కనీలో తాగి వస్తాను. ఇంక బిడ్డకు పొగ తగలనట్టేనా?

ఇంట్లో తాగడంకంటే ఎంతో నయం. కానీ మీతోపాటు లోపలికి వచ్చేది చాలానే ఉంటుంది. బిడ్డను ఎత్తుకున్నప్పుడు దాని ముఖం ఎక్కడ ఆనుతుందో చూడండి: మీ భుజం మీద, మెడ వంపులో, జుట్టుకు ఆనుకుని. పొగ అంటుకునేదీ అక్కడే. పాలిచ్చేటప్పుడు బిడ్డ గుప్పిట పట్టి లాగే వేలు కూడా సిగరెట్ పట్టుకున్న వేలే. చివరి దమ్ము లాగాక కూడా కొన్ని నిమిషాలపాటు మీ ఊపిరిలో పొగ అవశేషాలు వస్తూనే ఉంటాయి.

అందుకని తాగేటప్పుడు వేసుకోవడానికి ఒక పైచొక్కా బయటే తగిలించి ఉంచండి, జుట్టు ముడి వేసుకుని గుడ్డ కట్టుకోండి, తలుపు మీ వెనక మూసేయండి. వచ్చాక చొక్కా విప్పి, చేతులు సబ్బుతో కడుక్కుని, నోరు పుక్కిలించి, కాసేపు ఆగి బిడ్డను తీసుకోండి. కారులో అద్దాలు దించి తాగినా లాభం లేదు. అంత ఇరుకులో పొగ ఎటూ పోదు.

నేను తాగను, మా ఆయన తాగుతారు. నా పాలకు ఏమైనా అవుతుందా?

మీరు పీల్చే పొగవల్ల మీ పాలలోకి కాస్త నికోటిన్ వస్తుంది, స్వయంగా తాగేవాళ్లతో పోలిస్తే చాలా తక్కువ. గాలి ద్వారా నేరుగా బిడ్డకు తగిలేదే పెద్ద సమస్య. పసిపిల్లలు పెద్దవాళ్లకంటే వేగంగా ఊపిరి తీస్తారు, పొగ ఉన్న గదిలోంచి లేచి వెళ్లలేరు. పైన చెప్పిన చొక్కా, చేతులు, పక్క విషయాలన్నీ ఆయనకూ వర్తిస్తాయి. ఇంట్లో ఇంకొకరు తాగుతుంటే తల్లి మానడం కూడా కష్టం. ఈ పేజీ ఆయనకు కూడా చూపించండి.

మా కోడలు సిగరెట్ తాగుతుంది. చెప్పినా వినదు. మనవడికి డబ్బా పాలు మొదలుపెడదామా?

వద్దమ్మా. మీ భయం అర్థమవుతుంది. కానీ డబ్బా పాలతో మనవడికి పొగ ఆగదు, పాలు మాత్రం ఆగిపోతాయి. పైగా పాలిస్తున్నన్నాళ్లూ ఆమెకు సిగరెట్ తగ్గించుకోవడానికి ఒక కారణం ఉంటుంది. అది కూడా తీసేస్తే ఇంక ఎందుకు మానాలి అనిపిస్తుంది. నలుగురి ముందూ దెప్పిపొడిస్తే చాటుగా తాగడం మొదలవుతుంది, అప్పుడు ఏ వేళకు తాగిందో, ఎన్ని తాగిందో ఎవరికీ తెలియదు. పాలిచ్చాక బిడ్డను మీరు గంటసేపు ఎత్తుకుని ఆమెను పడుకోనివ్వండి. నిద్రలేమే చాలామందిని సిగరెట్ వైపు తోస్తుంది.

ప్యాచ్, నికోటిన్ గమ్ వాడుతూ పాలివ్వొచ్చా?

డాక్టరు సలహాతో వాడొచ్చు. ప్యాచ్ అంటే చర్మానికి అంటించుకునే పట్టీ, గమ్ నమిలేది; రెండూ సిగరెట్ లేకుండానే ఒంటికి నికోటిన్ అందిస్తాయి. సిగరెట్ కంటే ఇవే నయం, ఎందుకంటే వీటిలో పొగ ఉండదు. కొన్ని వివరాలు తెలుసుకుంటే సరిగ్గా వాడుకోవచ్చు. రోజుకు సగటున 17 సిగరెట్లు తాగే తల్లులు 21 మిల్లీగ్రాముల ప్యాచ్‌కు మారితే పాలలో నికోటిన్ ఇంచుమించు అంతే ఉందని, 7 మిల్లీగ్రాముల ప్యాచ్‌కు దిగేసరికి బిడ్డకు చేరేది సుమారు 70 శాతం తగ్గిందని 2003లో ఆస్ట్రేలియాలో తేలింది. అంటే ప్యాచ్ మెట్లు దిగేకొద్దీ అసలు లాభం కనిపిస్తుంది. రాత్రి పడుకునే ముందు దాన్ని తీసేస్తే రాత్రి పాలలో ఇంకా తగ్గుతుంది.

గమ్, చప్పరించే బిళ్లలు అయితే వేళ మీ చేతిలో ఉంటుంది: పాలిచ్చిన వెంటనే వేసుకోండి. ప్యాచ్ పెట్టుకుని సిగరెట్లు కూడా మునుపటిలాగే తాగితే బిడ్డకు రెండు వైపుల నుంచీ చేరుతుంది.

మానడానికి ఇచ్చే మాత్రలు?

బ్యుప్రోపియాన్ పాలలోకి కొద్దిగా వస్తుంది. పాలు తాగే పిల్లల్లో అరుదుగా మూర్ఛ వచ్చిన కేసులు నమోదయ్యాయి. వరెనిక్లిన్ గురించి పాలిచ్చే తల్లుల్లో సమాచారం చాలా తక్కువ. రెండూ డాక్టరుతో మాట్లాడాకే. ఎక్కువగా ముందు కౌన్సెలింగ్, తర్వాత గమ్ లేదా ప్యాచ్ సూచిస్తారు.

ఈ-సిగరెట్, బీడీ, చుట్ట, హుక్కా, నమిలే పొగాకు?

అన్నింటిలోనూ నికోటిన్ ఉంటుంది, అన్నింటి నుంచీ పాలలోకి వస్తుంది. బీడీ, చుట్ట, హుక్కా సిగరెట్ కంటే తేలిక అనుకోవడం భ్రమ. నమిలే పొగాకుకు పొగ లేదు కానీ నికోటిన్ బాగా ఎక్కుతుంది, ఎక్కువసేపు ఉంటుంది. ఈ-సిగరెట్ సీసాలోని ద్రవం పిల్లల నోట్లోకి కాస్త పోయినా ప్రాణం మీదకు వస్తుంది, తాళం వేసి పెట్టండి.

గంజాయి?

దానికి ఈ పేజీలోని లెక్కలేవీ పనిచేయవు. గంజాయిలోని మత్తు పదార్థం కొవ్వులో నిలవ ఉంటుంది. చివరిసారి వాడిన ఆరు రోజుల తర్వాత కూడా పాలలో కనిపించింది. పాలిస్తున్నన్నాళ్లూ పూర్తిగా దూరంగా ఉండాలి.

సిగరెట్ మానేశాక కాఫీ తాగితే గుండెదడగా ఉంటోంది, బిడ్డ కూడా నిద్రపోవడం లేదు. ఎందుకు?

ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. సిగరెట్ పొగ, కాలేయంలో కెఫీన్‌ను విరిచే ఎంజైమును ఉరకలెత్తిస్తుంది. సిగరెట్ ఆగితే ఆ వేగం తగ్గిపోతుంది. అప్పటిదాకా తాగిన కాఫీయే ఇప్పుడు ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది, పాలలోకీ ఎక్కువ వస్తుంది. పసిపిల్లలు కెఫీన్‌ను వదిలించుకోవడానికి రోజులు పడుతుంది. మీ చిరాకు, నిద్రపట్టకపోవడం అంతా సిగరెట్ మానినందుకే అనుకుని మళ్లీ వెలిగించేలోపు, కాఫీ సగానికి తగ్గించి చూడండి.

కడుపుతో ఉన్నప్పుడు మానేశాను. ప్రసవమయ్యాక మళ్లీ మొదలైంది. ఇంక నావల్ల కాదేమో?

గర్భంతో మానేసినవాళ్లలో సుమారు సగం మంది బిడ్డ పుట్టిన ఏడాదిలోపు మళ్లీ తాగుతారు. తొమ్మిది నెలలు ఉండగలిగారంటే నికోటిన్ లేకుండా మీ ఒళ్లు బతకగలదని రుజువైనట్టే. ఒకటీ రెండూ తాగిన దశలోనే తేలిగ్గా ఆపొచ్చు. ఎప్పుడు తాగాలనిపిస్తోందో గమనించండి. చాలామందికి అది రాత్రి పాలిచ్చాక బిడ్డ నిద్రపోయి తను మాత్రం మేలుకున్న వేళ, లేదా ఎవరితోనో మాటామాటా వచ్చిన వేళ. ఆ గుంజుడు సాధారణంగా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఎప్పుడూ దిగులుగా ఉండి, బిడ్డమీద కూడా మనసు పోకపోతే అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. దానికి వేరే వైద్యం ఉంది, ఆలస్యం చేయకండి.

రొమ్ములో మాటిమాటికీ గడ్డ కడుతోంది. దీనికీ సిగరెట్‌కూ సంబంధం ఉందా?

ఉంది. చనుమొన దగ్గర చీముగడ్డలు పొగతాగేవాళ్లలో ఎక్కువ, తగ్గినా తిరగబెడతాయి. నికోటిన్ రక్తనాళాలను బిగిస్తుంది కాబట్టి, పాలిచ్చాక చనుమొన తెల్లబడి మంటపుట్టడం కూడా దీనివల్ల ముదరొచ్చు. జ్వరం, ఎర్రదనం ఉంటే డాక్టరుకు చూపించండి. ఆ సమయంలోనూ మామూలుగా పాలివ్వొచ్చు.

బిడ్డను వెంటనే డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్లాలి?

రోజుకు 20కి పైగా సిగరెట్లు తాగే తల్లుల పిల్లల్లో నికోటిన్ ఎక్కువైతే వాంతులు, విరేచనాలు, పాలిపోవడం, గుండె వేగంగా కొట్టుకోవడం, కుదురు లేకుండా ఏడవడం కనిపించొచ్చు. వీటిలో ఏది కనిపించినా, పాలు తాగకుండా మగతగా ఉన్నా, ఊపిరికి పక్కటెముకలు లోపలికి పోతున్నా ఆగొద్దు. పాకే వయసు వచ్చాక సిగరెట్ పీక, నికోటిన్ గమ్, వాడి పడేసిన ప్యాచ్ నోట్లో పెట్టుకుంటే అది అత్యవసరం. వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, నోట్లో మిగిలింది వేలితో తీసేసి, ఆ వస్తువును కూడా వెంట పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి. వాడి పడేసిన ప్యాచ్‌లో కూడా చిన్నపిల్లకు సరిపడా నికోటిన్ మిగిలే ఉంటుంది, అంటుకునే వైపు లోపలికి మడిచి, మూత ఉన్న చెత్తబుట్టలో వేయండి.